గోడ ముందుకు జరిగింది, గొట్టం జరగలేదు



చలిదేశాలలో కాపురమున్న పిల్లల ఇళ్ళకు వెళ్ళివచ్చిన పెద్దలు ఒక వస్తువును తప్పక చూసి ఉంటారు. కిటికీ కింద గోడకు తగిలించిన తెల్లని ఇనుప పలక అది. నేలలోనుండి రెండు సన్నని గొట్టాలు పైకి వచ్చి దాని రెండు చివరలకు కలిసి ఉంటాయి. మన పెద్దలు దానిమీద తడి తువ్వాళ్ళు ఆరవేస్తారు. పిల్లలు దానికి వీపు ఆనించి పాలు తాగుతారు. దాని పేరు రేడియేటర్. మన ఊళ్ళలో ఆ మాట వినగానే లారీ ఇంజను ముందుండే నీళ్ళ పెట్టె గుర్తుకు వస్తుంది. ఆ పెట్టె వేడిని బయటికి పంపి ఇంజనును చల్లబరుస్తుంది. ఈ పలక అదే పని చేసి మనిషిని వెచ్చబరుస్తుంది.

మేము ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో, సంఘము వారు ఇచ్చిన పాత ఇంట్లో ఉంటున్నాము. 2022లో ఆ ఇంటి ముందుగది గోడను బాగుచేయించినప్పుడు అక్కడి రేడియేటర్‌ను విప్పి తిరిగి బిగించవలసి వచ్చింది. చెప్పుకోవడానికి చిన్న పనే. ఆ చిన్న పనిలో మేము చేసిన పొరపాటు వలన కొత్త గోడ మరకలు పడింది, నవంబరు చలిలో ఇల్లు చల్లబడింది, ఇండియా నుండి వస్తున్న మా తల్లిగారికి సిద్ధం చేసిన గది ఆమె వచ్చే వేళకు వెచ్చబడుతుందో లేదో తెలియని స్థితి ఏర్పడింది. ఇట్టి పని మీ ఇంట్లోనో, మీ పిల్లల ఇంట్లోనో తటస్థించినప్పుడు మీకు ఉపయోగపడవచ్చునని దాచుకోకుండా వ్రాస్తున్నాము.

గోడ ఎందుకు ముట్టుకోవలసి వచ్చింది?

ఇంగ్లండులో 1920కి ముందు కట్టిన ఇళ్ళలో చాలావాటికి బయటి గోడలు తొమ్మిది అంగుళాల మందంగల గట్టి ఇటుక గోడలు. తరువాత కట్టిన ఇళ్ళలోవలె రెండు వరుసల మధ్య ఖాళీ ఉండదు. గనుక లోపలి వేడి గోడగుండా తేలికగా బయటికి పోతుంది. చలికాలంలో ఆ గోడ లోపలివైపు చల్లగా ఉండి, వంటింటి ఆవిరి, మనుషుల ఊపిరి దానిమీద చెమటలా పడుతుంది. మా ముందుగదిలో బీరువా జరిపి చూస్తే దాని వెనుక గోడంతా నల్లని బూజు పట్టి ఉన్నది. పైగా బయట చూరు కాలువ పగిలి వాన నీరు అదే గోడమీదికి కారుతున్నది. ముందు ఆ కాలువను బాగుచేయించాము. నీరు ఎక్కడినుండి వస్తున్నదో ఆపకుండా లోపల ఎంత అందమైన పూత పూసినా డబ్బు దండగ.

ఆ సంవత్సరం ఇంకొక భారం కూడా వచ్చింది. బ్రిటన్‌లో గ్యాసుకు, కరెంటుకు కలిపి ఒక సాధారణ కుటుంబానికి సంవత్సరానికి 1,277 పౌండ్లుగా ఉన్న ధరల పరిమితి 2022 ఏప్రిల్‌లో 1,971 పౌండ్లకు పెరిగింది. అక్టోబరు 1 నుండి ప్రభుత్వం కలుగజేసుకొని ఆపితే 2,500 పౌండ్ల దగ్గర ఆగింది. చాలామంది ఒక్క గదిలో మాత్రమే వేడి పెట్టుకొని, కోట్లు తొడుక్కొని కూర్చున్న కాలమది.

ఇంతలో నరసాపురంలో ఉన్న మా తల్లిగారు నవంబరులో వచ్చి మాతో మూడు నెలలు ఉండుటకు నిశ్చయమైంది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. ఈ ఇళ్ళలో పడకగదులు పైఅంతస్తులో ఉంటాయి, మెట్లు నిటారుగా ఉంటాయి. కాబట్టి కింది ముందుగదే ఆమెకు ఇవ్వాలి. ఇంటిలోపల వేడి 18 డిగ్రీలకు తగ్గరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. వృద్ధులకు ఇంకొంచెం ఎక్కువే ఉండాలి. ఆ గదిలో అప్పుడు ఉదయం పూట 13 డిగ్రీలు దాటేది కాదు. సంఘపు కమిటీవారు పరిస్థితి చూసి గోడ లోపలివైపు వేడిని నిలిపే పలకలు వేయించుటకు డబ్బు ఇచ్చారు. ప్లాస్టర్ బోర్డుకు వెనుక గట్టి నురుగు అతికించి అమ్మే పలకలవి. రేడియేటర్ విప్పి బిగించుటకు మాత్రం విడిగా డబ్బు లేదు. మేమే చేసుకుంటామని పెద్దమనసుతో చెప్పివేశాము.

ఇంటి నరాలలో వేడినీరు

పని చెప్పేముందు, ఈ ఏర్పాటు ఎట్లు నడుస్తుందో నాలుగు మాటలలో చెబుతాము.

వంటింట్లో గోడకు గ్యాసు బాయిలర్ ఉంటుంది. అది నీటిని వేడిచేస్తుంది. మోటారు ఆ నీటిని రాగి గొట్టాలగుండా ఇల్లంతా తిప్పుతుంది. ప్రతి గదిలోని రేడియేటర్‌లోకి ఒక గొట్టం వేడినీరు తెస్తుంది, రెండవ గొట్టం చల్లారిన నీటిని తిరిగి బాయిలర్‌కు చేరుస్తుంది. మన ఒంట్లో రక్తమువలె అదే నీరు మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. కుళాయి నీటితో దానికి సంబంధం లేదు.

రేడియేటర్‌కు రెండు వైపులా రెండు వాల్వులు. ఒకదానిమీద 1 నుండి 5 వరకు అంకెలున్న గుండ్రని తల ఉంటుంది. గది వెచ్చబడగానే తనంతట తానే నీటిని తగ్గించే వాల్వు అది. దీనిని డెన్మార్క్ దేశస్థుడు మాడ్స్ క్లౌసెన్ 1943లో కనిపెట్టాడు. రెండవ వైపు ప్లాస్టిక్ టోపీ కింద దాగి ఉండే వాల్వును ఎవరూ రోజూ తిప్పరు. ఏ రేడియేటర్‌కు ఎంత నీరు పోవాలో బిగించేవాడు ఒకసారి సరిచేసి వదిలివేస్తాడు. పేరులో కిరణాలు ఉన్నా, ఈ పలక ఎక్కువ వేడిని గాలిద్వారానే ఇస్తుంది. కింది చల్లగాలి దానిని తాకి వేడెక్కి పైకి లేచి గదంతా తిరుగుతుంది.

రెండు మాటలు చెప్పారు, ఒకటే విన్నాము

మా పక్కింటి పెద్దాయన నలభై ఏళ్ళు ఇట్టి పనులే చేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. మోకాళ్ళు వంగవు గనుక తాను నేలమీద కూర్చోలేరు. కుర్చీ వేస్తే కూర్చుని చెబుతారు. సెప్టెంబరు ఆఖరున రేడియేటర్ విప్పే రోజున ఆయన వచ్చి మా చేత పని చేయించారు.

ముందు బాయిలర్ ఆపి, నీరు చల్లారనిచ్చాము. అంకెల వాల్వు తలను తీసివేసి దాని స్థానంలో చేతితో తిప్పే ప్లాస్టిక్ మూత బిగించమన్నారు. ఎందుకంటే ఆ తలను పూర్తిగా తగ్గించిపెట్టినా, గది బాగా చల్లబడితే గొట్టాలు గడ్డకట్టకుండా అది తనంతట తానే తెరుచుకుంటుంది. అప్పుడు విప్పి ఉంచిన చోటునుండి నీరు గదిలోకి వస్తుంది. రెండవ వాల్వును మూసేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి వ్రాసుకోమన్నారు. ఒకటింపావు చుట్టు. తిరిగి బిగించినప్పుడు అంతే తెరవాలి. లేకపోతే ఈ గదికి నీరు ఎక్కువై పై గదులకు తక్కువవుతుంది.

తరువాత కింద పాత తువ్వాళ్ళు పరచి, బేసిన్ పెట్టి, వాల్వుకు రేడియేటర్‌కు మధ్య ఉన్న నట్టును ఒక పానాతో వదులుచేశాము. రెండవ పానాతో వాల్వును కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే గొట్టమే మెలిపడుతుంది. పైన ఉన్న చిన్న గాలి మరను తిప్పగానే గాలి లోపలికి పోయి నీరు కిందికి దిగింది. ఆ నీరు సిరావలె నల్లగా ఉన్నది. లోపలి ఇనుము తుప్పుపట్టి కలిసిన నీరు గనుక బట్టకు తగిలితే మరక పోదు. నీరంతా తీసి, ఇద్దరము పట్టుకొని పలకను కొక్కేలనుండి పైకి లేపి పక్కన పెట్టాము. ఖాళీ పలకే దాదాపు 30 కిలోలు. వాల్వుల నోళ్ళకు ఇత్తడి మూతలు బిగించి, బాయిలర్‌లో తగ్గిన నీటి ఒత్తిడిని తిరిగి నింపి, మిగిలిన గదులకు వేడి పెట్టుకున్నాము. ఒక రేడియేటర్ లేనంతమాత్రాన ఇల్లంతా చలిలో ఉండనక్కరలేదని ఆనాడే తెలిసింది.

వెళ్ళేముందు పెద్దాయన రెండు మాటలు చెప్పారు. “పాస్టర్, పలకలు వేయకముందే కొక్కేలు వచ్చే చోట ఇటుక గోడకు చెక్క పట్టీ కొట్టించండి. ప్లాస్టర్ బోర్డు ఇంత బరువు మోయదు. రెండవది, కొత్త గోడ ఎంత ముందుకు వస్తుందో కొలిచి గొట్టాల సంగతి ఇప్పుడే చూసుకోండి.”

మొదటి మాట తాపీమేస్త్రీకి చెప్పాము. ఆయన చెక్క పట్టీ కొట్టారు. రెండవ మాట వినపడింది గాని మనసుకు ఎక్కలేదు. గొట్టాలు నేలలోనుండి వస్తున్నవి, గోడలోనుండి కాదు గదా, గోడ మారితే వాటికేమి అనుకున్నాము.

లెక్క ఇది. ఇటుకమీద ఉన్న పాత పూత మందం 20 మిల్లీమీటర్లు. దానిని కొట్టివేశారు. కొత్తగా అతికించే ముద్ద 10, పలక 40, పైపూత 2. మొత్తం 52. అంటే గోడ 32 మిల్లీమీటర్లు ముందుకు వచ్చింది. మన లెక్కలో అంగుళం పావు. గోడకు తగిలించే రేడియేటర్ కూడా గోడతోపాటు అంగుళం పావు ముందుకు వస్తుంది. నేలలోనుండి వచ్చే గొట్టాలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. మూడు నిమిషాలలో కాగితంమీద వేయగలిగిన ఈ లెక్కను మేము నెల రోజులు వేయలేదు.

ఆ శనివారపు రాత్రి

అక్టోబరు మధ్యలో పైపూత అయింది. తడి పూత ముదురు గోధుమరంగులో ఉంటుంది. ఆరేకొద్దీ లేత గులాబీరంగుకు తిరుగుతుంది. పూర్తిగా తిరిగేదాకా రంగు వేయకూడదు, తొందరపడి పెద్ద వేడి పెట్టి ఆరబెట్టకూడదు, పగుళ్ళు వస్తాయి. అంతవరకు ఓర్చుకున్నాము. రేడియేటర్ వెనుక వచ్చే చోట ముందే నీళ్ళు కలిపిన పల్చని రంగు వేసి, దానిపై రెండు పూతలు వేశాము. తరువాత అక్కడికి కుంచె పోదు.

మా తల్లిగారి విమానం నవంబరు 8, మంగళవారం. దానికి ముందు శనివారం మధ్యాహ్నం కొక్కేలు బిగించి, పలకను వాటిపై తగిలించాము. అప్పుడు కనబడింది. వాల్వుల నోళ్ళు పలక వెనుకగా, గోడ దగ్గరగా ఉండిపోయాయి. మా శ్రీమతి చూసి, “ఏమండీ, ఇది కలవదు. పక్కింటి ఆయన్ని పిలవండి” అన్నది.

పిలిస్తే, నెల క్రితం చెప్పిన మాట ఎందుకు వినలేదని అడుగుతారు. ఆ ప్రశ్న ఎదుర్కొనడం మాకు ఇష్టం లేకపోయింది. “రాగి మెత్తనిదే, కొంచెం లాగితే వస్తుంది” అన్నాము.

నిజంగానే వచ్చింది. నేల పలకల కింద గొట్టానికి కొంత కదలిక ఉన్నది. ఒకరు లాగి పట్టుకుంటే మరొకరు నట్టు ఎక్కించారు. అది వంకరగా ఎక్కుతున్నదని చేతికి తెలుస్తూనే ఉన్నది. తెల్లని టెఫ్లాన్ టేపు నట్టు మరకు చుట్టి పానాతో గట్టిగా బిగించాము. నీరు వదిలాము. ఒక్క చుక్క కారలేదు. బాయిలర్ పెట్టగానే పలక వెచ్చబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మేము స్వస్థలంలో ఇల్లు కట్టినంత సంతోషంతో నిద్రపోయాము.

తెల్లవారుజామున ఇల్లు చల్లగా ఉండి మెలకువ వచ్చింది. బాయిలర్ ఆగిపోయి ఉన్నది. ఒకటి మీద ఉండవలసిన ఒత్తిడి ముల్లు సున్నా దగ్గరికి దిగి ఉన్నది. ముందుగది దీపం వేసి చూస్తే నేల పలకలమీద నల్లని మడుగు. కొత్త గోడ అడుగున జానెడు ఎత్తున నల్లని మరక పైకి పాకింది. సంఘము వారి డబ్బుతో వేయించిన గోడ అది. వారు ఇంకా చూడనైనా లేదు.

ఆదివారం. తొమ్మిదిన్నరకు మేము ఆరాధనకు వెళ్ళాలి. రెండు వాల్వులు మూసి, పలకలో మిగిలిన నీరు బేసిన్‌లోకి దించి, బాయిలర్‌కు నీరు నింపి పై గదులకు వేడి తెచ్చి, చేతుల నలుపు సరిగా పోకుండానే వెళ్ళాము.

కుర్చీలో కూర్చుని చెప్పిన పాఠం

మధ్యాహ్నం పక్కింటి తలుపు తట్టాము. జరిగినది జరిగినట్లు చెప్పాము. ఆయన మేము భయపడిన ప్రశ్న అడగనే లేదు. కుర్చీ తెప్పించుకొని కూర్చుని, నట్టు విప్పమన్నారు.

నట్టు లోపల రెండు లోహపు ముఖాలు ఉన్నవి. ఒకటి వాల్వుది, ఒకటి రేడియేటర్‌లోకి బిగించిన చిన్న తోకగొట్టానిది. ఒకటి గిన్నెవలె లోపలికి, మరొకటి బంతివలె బయటికి ఉంటుంది. నీటిని ఆపేది ఆ రెండు ముఖాల కలయిక మాత్రమే. నట్టు వాటిని దగ్గరకు నొక్కుతుందిగాని తాను నీటిని ఆపదు. గనుక నట్టు మరమీద ఎంత టేపు చుట్టినా ప్రయోజనం లేదు. టేపు పడవలసిన చోటు వేరు. తోకగొట్టం రేడియేటర్‌లోకి ఎక్కే మరకు అది చుట్టాలి. ముఖాలు ఎదురెదురుగా తిన్నగా ఉంటే చేతితో తిప్పినా నట్టు చివరివరకు పోతుంది. వంకరగా ఉంటే ఒకవైపు ఒత్తుకొని, రెండవవైపు వెంట్రుకంత సందు మిగులుతుంది. ఆ సందును పానా బలంతో మూయాలని చూస్తే మెత్తని ఇత్తడి మర చెడుతుంది. మా నట్టుకు అదే జరిగింది.

మరి మొదట ఎందుకు కారలేదు? ఆయన చెప్పిన కారణం ఇది. ఒక మీటరు రాగి గొట్టం 60 డిగ్రీలు వేడెక్కితే ఒక మిల్లీమీటరు సాగుతుంది. చల్లారితే తిరిగి ముడుచుకుంటుంది. బలవంతంగా లాగి కట్టిన గొట్టం వేడెక్కినప్పుడు, చల్లారినప్పుడు తన పాత చోటికి పోవాలని చూస్తుంది. రాత్రి బాయిలర్ వెలిగి ఆరినప్పుడల్లా ఆ కీలు కొంచెం కొంచెం కదిలింది. “మొదటి గంట పొడిగా ఉన్నంతమాత్రాన అతుకు మంచిదని కాదు. ఒకసారి వేడెక్కి, ఒకసారి చల్లారి, అప్పటికీ పొడిగా ఉంటే మంచిది” అన్నారు.

ఇంకొక మాట అన్నారు. “గొట్టాన్ని రేడియేటర్ దగ్గరకు లాగకూడదు పాస్టర్. గొట్టాన్ని అక్కడికి మార్చాలి.”

సోమవారం ఆయన ఎరిగిన ఒక ప్లంబర్ వచ్చారు. ఇంటి నీరంతా గొట్టం పెట్టి బయటికి వదిలి, నేల పలకలు రెండు లేపి, రెండు రాగి గొట్టాలను కింద కోసి, కొత్త ఎల్బోలు అతికి, 32 మిల్లీమీటర్లు ముందుకు జరిపి పైకి తెచ్చారు. చెడిన వాల్వు మార్చారు. రెండు గంటల పని. 140 పౌండ్లు మా జేబులోనుండి పోయాయి. నెల క్రితం గోడ విప్పి ఉన్నప్పుడే, నీరు దించి ఉన్నప్పుడే అయితే ఇది అరగంట పని అని ఆయన అన్నప్పుడు మా శ్రీమతి మావైపు చూసింది, ఏమీ అనలేదు.

సరియైన వరుస

మిగిలిన పని మా చేతనే చేయించారు. ఆ వరుస ఇక్కడ వ్రాస్తున్నాము. ఎవరైనా కత్తిరించి ఉంచుకోవచ్చును.

తోకగొట్టాల మరలను వైరు బ్రష్‌తో శుభ్రంచేసి, బిగించే దిక్కుననే టేపు పది పన్నెండు చుట్లు చుట్టి రేడియేటర్‌లోకి బిగించాము. లోహపు ముఖాలను గుడ్డతో తుడిచాము. ఇసుక రేణువంత మురికి ఉన్నా నీరు కారుతుంది. పలకను కొక్కేలపై తగిలించి, మట్టం చూసి, రెండు నట్లను ముందు చేతితోనే చివరివరకు తిప్పాము. చేతితో పోని నట్టును పానాతో ఎక్కించకూడదు. తరువాత ఒక పానాతో వాల్వు పట్టుకొని, రెండవదానితో కొంచెం మాత్రమే బిగించాము.

నీరంతా మార్చినందున తుప్పుపట్టనివ్వని మందును కూడా పోయవలసి వచ్చింది. కొత్త నీటిలో ప్రాణవాయువు ఎక్కువ ఉండి లోపలి ఇనుమును తింటుంది. ఆ నల్లనీరు అట్లు తయారైనదే. మామూలు ఇంటికి ఒక లీటరు డబ్బా సరిపోతుంది.

ఆపై కుళాయి నీటిని కలిపే చిన్న గొట్టాన్ని తెరిచి, బాయిలర్ ముల్లు ఒకటి, ఒకటిన్నరల మధ్యకు వచ్చేదాకా నింపి, రెండు చివరలా మూశాము. అది మూయడం మరచితే ఒత్తిడి పెరుగుతూ పోతుంది. రేడియేటర్ వాల్వులు తెరిచాము. టోపీ కిందిది ఒకటింపావు చుట్టు, వ్రాసుకున్న ప్రకారమే. బాయిలర్ ఆపియుండగానే నలుపలకల చిన్న తాళంతో గాలి మరను అరచుట్టు తిప్పితే బుస్సుమని గాలి పోయి, చివరకు నీటి చుక్క వచ్చింది. వెంటనే మూశాము. గాలి పోయినకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది గనుక మళ్ళీ ముల్లు చూసి నింపాము.

ఒక గుర్తు చెప్పుకోవచ్చు. రేడియేటర్ పైభాగం చల్లగా, కిందిభాగం వెచ్చగా ఉంటే లోపల గాలి ఉన్నది. కిందిభాగం చల్లగా, పైభాగం వెచ్చగా ఉంటే అడుగున తుప్పు మడ్డి పేరుకున్నది. మొదటిది మీరే తీయవచ్చును. రెండవది విప్పి కడిగించాలి.

చివరకు ప్రతి నట్టును పొడి కాగితపు రుమాలుతో తుడిచి చూశాము. కంటికి కనబడని తడి కాగితానికి తెలుస్తుంది. వేడెక్కిన తరువాత ఒకసారి, రాత్రంతా చల్లారి తెల్లవారాక మరొకసారి తుడిచాము. మంగళవారం ఉదయం ఆ కాగితం పొడిగా ఉన్నది.

ఒక హెచ్చరిక మాత్రం తప్పక చెప్పాలి. ఇదంతా నీటివైపు పని గనుక ఇంటివారు చేసుకోవచ్చును. గ్యాసువైపు పనిని ఎవరూ ముట్టుకోకూడదు. బ్రిటన్‌లో 2009 ఏప్రిల్ 1 నుండి గ్యాస్ సేఫ్ రిజిస్టరులో పేరున్నవారే గ్యాసు పని చేయాలి. మనిషి వచ్చినప్పుడు గుర్తింపు కార్డు అడిగి చూడటం మర్యాద తక్కువ కాదు. అద్దె ఇల్లయితే రేడియేటర్ విప్పేముందు ఇంటి యజమానికి చెప్పాలి. అనేక అంతస్తుల భవనంలో అందరికీ ఒకే బాయిలర్ ఉంటే అసలే ముట్టుకోకూడదు. మీ ఇంట్లో నీరు దించితే పైవారి ఇల్లు చల్లబడుతుంది.

అమ్మగారు వచ్చారు

ఆ సాయంత్రం మా తల్లిగారు శాలువా కప్పుకొని గదిలోకి వచ్చినప్పుడు గోడమీది వేడిమాపకంలో 20 డిగ్రీలున్నవి. ఆమె మంచం మీద కూర్చుని రేడియేటర్ మీద అరచేయి పెట్టి చూశారు. “మన కుంపటిలో అయితే నిప్పు కనబడేది రా అబ్బాయీ. దీనిలో ఏమీ కనబడదు. వెచ్చగానే ఉంది” అన్నారు. తరువాత కిందికి చూసి, “ఆ నట్టు కింద కాగితం ఎందుకు పెట్టారు?” అని అడిగారు. మా చిన్నవాడు మొత్తం కథ చెప్పివేశాడు. ఆమె నవ్వి, “మీ నాన్న చిన్నప్పుడూ అంతే. ఒకరిని అడగాలంటే నామోషీ” అన్నారు.

ఆ మాట మాకు తగిలింది. కష్టం వచ్చినప్పుడు మొహమాటపడకుండా అడగండి అని ఇతరులకు చెప్పడం మా పని. అంగుళం పావు తేడాకు మేమే ఒక తలుపు తట్టలేకపోయాము.

కమిటీవారికి సంగతి మేమే చెప్పి, మరక చూపించాము. మామూలు రంగు వేస్తే ఆ నలుపు మళ్ళీ పైకి వస్తుంది. మరకను లోపలే ఆపే ప్రత్యేకమైన పూత ముందు వేసి, దానిమీద రంగు వేయాలి. రెండు వారాలు ఆరనిచ్చి అట్లే చేశాము. ఇప్పుడు తెలియదు.

ఇది సంఘము వారి ఇల్లు. మా తరువాత ఇంకొకరు వచ్చి ఉంటారు. గనుక మెట్లకింద మీటరు ఉండే బీరువా తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించాము. ముందుగది రేడియేటర్, మూతకింది వాల్వు ఒకటింపావు చుట్టు, గోడలో చెక్క పట్టీ నేలనుండి ఎంత ఎత్తున ఉన్నదో, గొట్టాలు నేలకింద ఏ పలక దగ్గర అతికి ఉన్నవో అన్నీ వ్రాశాము. పక్కింటి పెద్దాయనకు ఆ కాగితం చూపిస్తే కళ్ళజోడు పెట్టుకొని చదివి, కలం అడిగి, కింద ఒక వరుస తానే వ్రాశారు. “గోడ కట్టకముందు కొలవండి.”